పళ్లెం చెరువు కట్టెలు

ఏప్రిల్ 21, 1974

ఊలాకు సైమి రాస్తున్నది. ఇక్కడ నేనూ, ఆడపిల్లలిద్దరూ, కుక్కా క్షేమం. నీ కాలు కుదురుగా అతుక్కుంటోందని డాక్టరు చెప్పాడు కనుక నువ్వూ క్షేమమనే అనుకుంటాను. తల సంగతి ఆయనేమీ చెప్పలేదు.

నీ ఉత్తరం శుక్రవారం పోస్టు బస్సులో వచ్చింది. పొయ్యి దగ్గర నిలబడే చదివాను. కాఫీ పొంగి పొయ్యి మీద పడింది, తుడవలేదు. చచ్చి బతికిన మనిషి రాసిన మొదటి ఉత్తరం కదా, 'సైమీ, నువ్వెలా ఉన్నావు' అని ఒక్క ముక్క ఉంటుందేమోనని రెండుసార్లు వెతికాను. నాలుగు పేజీల్లో మూడు నా తమ్ముణ్ణి తిట్టడానికే సరిపోయాయి.

సరే, అడిగినవాటికి జవాబులు. ఉన్ని మేజోడు పంపుతున్నాను. ఒకటే. రెండో కాలికి పిండికట్టు ఉంది కదా, ఎందుకు దండగ. వాగు గుడిసెలో నువ్వు మర్చిపోయిన టీ గిన్నె అక్కడే ఉంది, ఉండనీ, వచ్చేపోయేవాళ్లకు పనికొస్తుంది. మన రెయిన్‌డీర్లు ఇంకా ఈనలేదు. మంచు మీద గట్టిపొర కట్టి వాటికి మేత దొరకడం కష్టంగా ఉంది. చిన్నది నీ స్కీలు వేసుకుని తిరుగుతోంది, వద్దన్నా వినదు. ఎవరి పోలికో చెప్పాలా?

ఇక నా తమ్ముడు పియేరా సంగతి. "ఆ దొంగ నా జాడ పట్టి వెంబడించాడు. ఇన్నేళ్లూ పొంచి ఉండి నా చెరువు కనుక్కున్నాడు. వాణ్ణి మన గడప తొక్కనివ్వకు" అని రాశావు. ఆసుపత్రికి వస్తే లోపలికి రానివ్వొద్దని నర్సుకు కూడా చెప్పి ఉంచావట. అది చదివేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏమయ్యా, నలభై కిలోమీటర్లు నిన్ను మంచుబండి మీద కట్టి లాక్కొచ్చినవాడికి నువ్విచ్చే మర్యాద ఇదా? వాడి కోటు విప్పి నీకు కప్పాడు. వాడు వణుకుతూ వచ్చి నా గుమ్మంలో నిలబడ్డాడు. నీకు స్పృహ లేదు కాబట్టి నీకేమీ తెలియదు. అందుకే చెబుతున్నాను, విను.

బుధవారం చేపలకని వెళ్లావు, శుక్రవారానికి వస్తానన్నావు. శనివారం సాయంత్రం దాకా కిటికీ దగ్గరే ఉన్నాను. ఆదివారం పొద్దున్నే సరిహద్దు కాపలావాళ్లకు కబురు చేశాను. తొమ్మిదిమంది బయలుదేరారు. వాగు గుడిసెకు వెళ్లి అందరూ చేసే పనే చేశారు, ఎవరు ఎటు వెళ్తున్నారో రాసిపెట్టే బల్ల మీది పుస్తకం తెరిచారు. నీ దస్తూరీ ఎంత ముద్దుగా ఉందో! "పొయ్యిలో కట్టెలు పేర్చి ఉంచాను. ముస్తా సరస్సుకు వెళ్తున్నాను. ఊలా." కట్టెల మాట నిజం, ముస్తా మాట అబద్ధం. నువ్వు పోయింది పడమటికి, ఎవరికీ చెప్పని నీ పళ్లెం చెరువుకు. వాళ్లు తూర్పున రెండు రోజులు వెతికారు. అందులో ఒక కుర్రాడికి చలికి ముక్కు కొన నల్లబడిపోయింది. వాళ్లమ్మ నన్ను చూసి పక్కకు తిరిగి వెళ్లిపోతోంది.

గుడిసె పుస్తకంలో అబద్ధం రాస్తారటయ్యా ఎవరైనా? "పెళ్లానికి అబద్ధం చెప్పు, పాస్టరుకు చెప్పు, గుడిసె పుస్తకానికి మాత్రం చెప్పకు" అనేవాడు మా నాన్న. నాలుగు చేపల కోసం నువ్వు ఆ పని చేశావు. "ఇంకెక్కడికైనా వెళ్లే అలవాటుందా అమ్మా?" అని కాపలా పెద్ద నన్నడిగితే, నీకు వేసిన ఒట్టు ఒకటి అడ్డం వచ్చి, "పుస్తకంలో రాశాడు కదండీ" అన్నాను. ఆ మాట గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సోమవారం మధ్యాహ్నం పియేరా మంద దగ్గర్నుంచి దిగి వచ్చాడు.

"ఏంటక్కా, ఇంటి ముందు ఇన్ని బండ్లు? పెళ్లా, చావా?"

చెప్పాను. ముస్తా అనగానే వాడి ముఖం మారిపోయింది.

"ముస్తాలో చేపలెక్కడివి? పదహారేళ్లుగా బావ పుస్తకంలో ముస్తా అనే రాస్తున్నాడు. నేనూ ఆ గుడిసెలో పడుకుంటాగా, చూస్తూనే ఉన్నా."

"మరి నాకు చెప్పలేదేం రా?"

"ఏం చెప్పాలి? నీ మొగుడు అబద్ధాలకోరు అంటే ముద్దు పెట్టుకుంటావా? తర్వాత తిడుదువుగానీ, ముందు ఆ ఫ్లాస్కు ఇలా తే."

రొట్టె ముక్క కూడా నోట్లో పెట్టుకోకుండా వెళ్లాడు. మంగళవారం పొద్దున నిన్ను తెచ్చాడు. నీ జాడ పట్టలేదయ్యా. నీ జాడలన్నీ అప్పటికే గాలికి పూడిపోయాయి. వాడికి దారి ముందే తెలుసు.

అదెలాగో చెప్పేముందు నీ ఉత్తరంలోనిదే ఒక మాట. "చెరువు గట్టున మట్టి గుడిసె కప్పెక్కి పొగగొట్టం చుట్టూ మంచు తీస్తూ జారిపడ్డాను. లోపలికి పాక్కుంటూ వెళ్లాను. గొడ్డలి బయట మంచులో ఉండిపోయింది. పడుకునే బల్ల కింద చెయ్యి పెడితే రెండు మోపుల ఎండు కట్టెలు, బెరడు, అగ్గిపెట్టె. ఎప్పుడు పెట్టానో గుర్తు లేదు. నాలుగు రోజులు నా ముందుచూపే నన్ను కాపాడింది" అని రాశావు. నీ ముందుచూపు! మహానుభావా! ప్రతి వసంతంలోనూ వచ్చి ఇదే గొప్ప. "పొయ్యి వాడడం తెలియాలి సైమీ. నేను కొట్టిన మోపు ఎన్నేళ్లయినా తరగదు." తరగని కట్టెలు లోకంలో ఎక్కడైనా ఉన్నాయా? ఒక్కసారైనా అనుమానం రాలేదా నీకు?

పెద్దది నా కడుపులో ఉన్న ఏడాది గుర్తుందా? పళ్లెం చెరువు నుంచి మూడు రోజులు ఆలస్యంగా వచ్చావు. "మంచు బాగాలేదు" అన్నావు, తిన్నావు, పడుకున్నావు. ఆ మూడు రోజులూ నిన్నెక్కడ వెతకాలో తెలిసిన మనిషిని లోకంలో నేనొక్కదాన్నే. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నావు. పొట్ట పట్టుకుని ఇంట్లో తిరిగాను. నువ్వు నిద్ర లేచేలోగా మా తమ్ముడి ఇంటికెళ్లి అంతా చెప్పేశాను. ఏ లోయలోంచి దిగాలో, మట్టి గుడిసె ఏ గట్టున ఉందో, చివరికి చేప ఎంత బరువు తూగుతుందో కూడా. "ఈయన ఎప్పుడైనా రాకపోతే నువ్వెళ్లి తీసుకురా. గాలం మాత్రం వెయ్యకు" అని మాట తీసుకున్నాను. ఒట్టు తప్పింది నేను. నీ దొంగను నేను. తిడితే నన్ను తిట్టు, పడతాను.

కట్టెల సంగతి మాత్రం నాకూ తెలియదు. నీ ఉత్తరం చదివాక వాణ్ణి పట్టుకుని అడిగితే, ఏదో తప్పు చేసినవాడిలా నేల చూశాడు. ఏటా మంచు పడకముందే ఒకసారి వెళ్లి పెట్టి వస్తాడట. "పొయ్యి ఖాళీగా ఉన్న గుడిసె గుడిసెటక్కా? తర్వాత వచ్చేవాడి కోసం వాగు గుడిసెలో బావ బంగారంలా పేర్చి పెడతాడు. చెరువు గుడిసెలో తర్వాత వచ్చేవాడు తనే కదా, ఎవరి కోసమని పెట్టుకుంటాడు?" అన్నాడు.

మన పెళ్లికి ముందెప్పుడో నీ వల పక్కన వల వేశాడన్న ఒక్క పాపానికి, నా బల్ల దగ్గర కూర్చోబెట్టి, నా పిల్లల ముందు, "ఏం దొంగా, చేపల వాసన పట్టావా?" అనేవాడివి. వాడు నవ్వి సూప్ తాగేవాడు. పదహారేళ్లు, అంతా తెలిసి నవ్వాడు. నేనూ తెలిసే నోరు మూసుకున్నాను. అందుకు నా మీద నాకున్న కోపం నీ మీద కోపం కంటే తక్కువేమీ కాదు.

ఇక నీ పదకొండు చేపలు. "ఆ దొంగ ఈపాటికి పొగబెట్టి తినేసి ఉంటాడు" అన్నావు. ఆ మట్టి గుడిసె చూరు కింద వేలాడుతున్నాయట, ఎర్రపొట్టలతో, ఒక్కొక్కటీ మోచేతి పొడుగు. "తెచ్చి ఉంటే పిల్లలు తినేవాళ్లు కదరా" అన్నాను.

"అవి బావవక్కా. నేనెలా తెస్తాను?" అన్నాడు.

అక్కడే వదిలేశాడు. ఈపాటికి బొంతకాకులు తినేసి ఉంటాయి.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. పియేరా పట్నం వస్తున్నాడు, వాడి చేతికే ఇస్తున్నాను. మైదాతో గట్టిగా అంటించాను, లోపల ఏముందో వాడికి తెలియదు. మేజోడు గురించి ఏదో రాశాననుకుంటున్నాడు. దుకాణం నుంచి ఆ నర్సుకు ఫోన్ చేసి, లోపలికి పంపమని నేనే చెప్పాను. కాబట్టి నువ్వు ఇది చదువుతున్నంతసేపూ వాడు నీ మంచం పక్కనే కూర్చుని ఉంటాడు, టోపీ మోకాలి మీద పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ, నువ్వేమంటావోనని బెదురుతూ.

నా ఉత్తరం అయిపోయింది. ఇక తలెత్తు.

ఇట్లు,
ఒట్టు తప్పిన నీ భార్య
సైమి