మన రెండు పేర్లు

మోహనా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఈరోజు నీ మెదడును దానమిచ్చిన ఆసుపత్రికి వెళ్లి నా రక్తం ఇచ్చి వచ్చాను. అచ్చు ఒకేలాంటి కవలలం కదా, అందుకని పోల్చి చూడటానికి నన్నూ రమ్మన్నారు.

"జీన్స్ మీ ఇద్దరికీ ఒకటే సార్. కానీ మెదడులో ఏవి ఆన్ అవుతాయి, ఏవి ఆఫ్ అవుతాయి అనేది బతికిన తీరును బట్టి కూడా మారుతుంది," అంది అక్కడి డాక్టరమ్మ. "ఆయనకు జరిగి మీకు జరగనిది ఏమైనా ఉందా?"

ఒకే గదిలో పెరిగాం, ఒకే బడికి వెళ్లాం. ఇరవయ్యేళ్లప్పుడు నీకు మాత్రం ఎవరివో గొంతులు వినబడటం మొదలైంది. అంతకుముందు ఏం జరిగిందో నాకు తట్టలేదు. ఏమీ లేదని చెప్పి ఇంటికి బొమ్మసంద్ర బస్సెక్కాను. నువ్వెప్పుడూ కూర్చునే కిటికీ సీటు ఖాళీగా ఉన్నా అలవాటుగా ఇవతలే కూర్చున్నాను.

ఇంట్లో అమ్మ నా చేతికున్న దూది చూసింది.

"ఏమప్పా మురళీ, చేతికేమయింది?"

"ఏం లేదమ్మా, టెస్టు."

మనల్ని పోల్చుకోలేక, ఎదురుగా ఎవరున్నా రెండు పేర్లూ పిలిచేది కదా. నువ్వు పోయాక ఒక్కసారి కూడా నన్ను మోహనా అనలేదు.