సగంల విరిగిన లెడ్

మంగళవారం, రాత్రి

పక్షవాతమొచ్చి మాట పోయినప్పటి సంది మా ఆయన ఏదున్నా పెన్ పెన్సిల్‌తోనే రాసి చెప్తడు. ఒత్తి రాస్తడు, లెడ్ విరుగుతది. మొన్న దిల్‌సుఖ్‌నగర్ల లావు లెడ్ అడిగితే, "దీనికి సన్నదే పడతదమ్మా" అన్నడు షాపాయన.

ఇయ్యాల అన్నం తిన్నంక "సరోజా, నాకు" అని రాసిండు, లెడ్ పుటుక్కుమన్నది. నేను కొత్తది ఎక్కించి ఇచ్చేసరికి ఏం రాయాల్నో మరిచిపోయిండు. కాగితం దిక్కే చూస్తున్నడు.

"నీళ్లు కావాల్నా? నొప్పి లేస్తుందా? బిడ్డకు ఫోన్ చెయ్యాల్నా?" అని అడిగిన.

అన్నిటికీ కాదని తల ఊపిండు. కండ్లల్ల నీళ్లు. ఆఖరికి పెన్సిల్ నా చేతుల పెట్టి, కాగితం నా ముందుకు జరిపిండు.

నన్ను రాయమంటున్నడు. ఆయన మనసులది నేనెట్ల రాయాలె?