ఇరవై తెల్ల నడికట్లు

సెప్టెంబర్ 3, మంగళవారం
పద్దెనిమిదో నడికట్టు అయింది. ఇంకో రెండు. ఊలు దారం ఎక్కించిన చిల్లుల అట్టముక్కలు తిప్పి తిప్పి నేస్తుంటే వేళ్ళు పీకుతున్నాయి. అయినా హాయిగానే ఉంది.

శని ఆదివారాలు పాతకాలపు బట్టలేసుకుని రాజులూ వీరులూ అయిపోయే గుంపు మాది. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి ఈ ఏడు మహారాణి. అక్టోబర్ సభకి ముందు ఈ ఇరవై ఆవిడ బహుమతుల బుట్టలో వేసేస్తాను. ఎవరికి ఇస్తుందో నాకు తెలీదు, ఎవరు నేశారో పుచ్చుకున్నవాళ్ళకి తెలీదు. నాలాంటి మొహమాటస్తుడికి ఇంకేం కావాలి?

సెప్టెంబర్ 6
ఎందుకు నేస్తున్నానో ఇక్కడైనా రాసుకోవాలి. ఫిబ్రవరిలో బైపాస్ అయింది. పెళ్ళీ పెటాకులూ లేనివాణ్ణి. ఇంటిదగ్గర ఎవరున్నారని నర్సు అడిగితే, బయట మంచు పడుతోందన్నాను. అప్పటికి గుంపులో చేరి నాలుగు నెలలు. మంగళవారాలు మాకు నేత నేర్పే నెడ్రా గారు, స్కూల్లో వంట చేసి రిటైరైన మనిషి, తనే వచ్చి కూర్చుంది. ఆరు వారాలు! వాకిట్లో మంచు ఎత్తిపోసింది, సూప్ పెట్టింది, జుట్టు కూడా కత్తిరించింది. ఘోరంగా కత్తిరించింది.

ఒక్కసారి కూడా థాంక్స్ చెప్పలేదు. చెబుదామని నోరు తెరిస్తే వాతావరణం గురించి మాట్లాడేస్తాను. నోటితో చెప్పలేనిది గుంపుకి ఇలా చేత్తోనైనా చెబుదామనే ఈ నేత.

సెప్టెంబర్ 10
ఇరవై! పాలలా తెల్లగా ఉన్నాయి.

సెప్టెంబర్ 24, మంగళవారం
కొంప మునిగింది. ఇవాళ నెడ్రా గారికి చూపించాను. సంచీలోకి తొంగి చూసింది. ఏమయ్యా వెర్లిన్, ఇరవైమందిని ఒక్కసారే వీరుల్ని చేసేద్దామనుకున్నావా అంది. మా గుంపులో రాజుగారు వీరుడని బిరుదిచ్చినవాళ్ళే తెల్ల నడికట్టు కట్టుకోవాలట. ఇంకెవరు కట్టినా నవ్వులపాలట. ఏడాది నుంచీ వస్తున్నావు, దారం మీంచి తలెత్తి చూస్తేగా నువ్వు అంది.

ఇంటికొచ్చి సంచీ బీరువాలో కుక్కేశాను. అరవై ఏళ్ళ వెధవకి ఏడుపేంటి? కానీ వచ్చింది.

సెప్టెంబర్ 25
నెడ్రా గారు ఫోన్ చేసింది. రంగు వేద్దామంది. ఎరుపు వేస్తే అది వీరుల శిష్యులదట. ఆకుపచ్చేమో కళాకారుల శిష్యులదట. పసుపుకీ ఎవరో ఉన్నారట. రంగులన్నీ పంచేసుకున్నారు మహానుభావులు! గోధుమరంగు ఎవరిదీ కాదు, శనివారానికి గ్యారేజ్ ఖాళీ చెయ్యి అంది. ఎందుకని అడిగేలోపే పెట్టేసింది.

సెప్టెంబర్ 28, శనివారం
నెడ్రా గారితో కలిపి ఎనిమిదిమంది దిగారు. బకెట్ల నిండా గోధుమరంగు దిగే వాల్‌నట్ కాయల తొక్కలు. ఊళ్ళో చెట్ల కిందంతా తిరిగి ఏరుకొచ్చారు. గ్రోవర్ అని, వారమంతా లారీ తోలే తెల్లకట్టు వీరుడు, తనే కర్ర పుచ్చుకుని డేగిసాలో రంగు కలిపాడు. నా తెల్లకట్టూ ఇందులో పడేస్తా, ఉతికి పదేళ్ళైంది అన్నాడు. మరిగితే ఊలు ముద్దైపోతుందని నెడ్రా గారు పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. గ్లౌజులు తేవడం అందరూ మర్చిపోయారు. అందరి చేతులూ నల్లబడ్డాయి. మూడు వారాలు వదలదట. ఒక్కళ్ళూ విసుక్కోలేదు.

థాంక్స్ చెప్పాల్సినవాళ్ళు ఒకరుండేవారు, ఇప్పుడు ఎనిమిదిమందయ్యారు. వాళ్ళు వెళ్తుంటే వాకిట్లో నిలబడి, రేపు వానొస్తుందేమో అన్నాను. ఛీ, నా బతుకు.

అక్టోబర్ 1
ఆరాయి. తెల్లవాటికన్నా ఇవే బావున్నాయి. ఒప్పుకోవాలి.

అక్టోబర్ 12, శనివారం
సభలో మహారాణి బుట్టలోంచి మొదటిది తీసి, పొద్దుట్నుంచీ వంటింట్లో గిన్నెలు తోముతున్న పెద్దాయన్ని పిలిచింది. ఆయన తడి ఏప్రన్‌తోనే వచ్చాడు. నడికట్టుని వేలితో తడిమి తడిమి చూశాడు. ఈయనా నాలాగే వాతావరణం ఎత్తుకుంటాడనుకున్నాను. థాంక్స్ తల్లీ, నన్నెవరూ చూళ్ళేదనుకున్నా అన్నాడు. అంతే. మహారాణి కళ్ళు తుడుచుకుంది.

ఒక్క ముక్క. ఇంతేనా!

పక్కనే ఉన్న నెడ్రా గారు నల్లటి చేత్తో నా మోకాలు తట్టింది. బాగా నేశావయ్యా అంది. నేను ఊఁ అన్నాను.

అక్టోబర్ 13, ఉదయం ఏడు
నెడ్రా గారికి ఫోన్ చేశాను. హలో అనగానే, ఫిబ్రవరిలో మీరు వచ్చినందుకు థాంక్సండీ అన్నాను. వాతావరణం ఊసెత్తలేదు. చాలాసేపు ఇద్దరం ఫోన్ పెట్టలేదు.