పదకొండు పాయింట్లు

ప్రియమైన గీతలమ్మకు,

సిగ్నల్ అందని ఈ కొండ కింద నీకు ఉత్తరం రాయడమే నాకు కాలక్షేపం. సర్వే పాయింట్లన్నీ మెమరీ కార్డులో పెట్టి జీపు డ్రైవరుకిచ్చాను. ఆఖరి రోజు వాన తరుముకొచ్చింది. ఏ పాయింటు గట్టుదో, ఏది పల్లానిదో పక్కన కోడ్ రాయలేకపోయాను. రాయకపోయినా నా నేల నీకు అర్థమవుతుందిలే. రేపటినుంచి పన్నెండు రోజులు అవతలి కొండ మీద పని. నేను లేనని తిండి మానకు.

నీ
కొలతల దొర

*

ప్రియమైన కొలతల దొరగారికి,

కార్డు అందింది. సాఫ్ట్‌వేరు మీ పాయింట్లను త్రికోణాలుగా కలిపి ఎత్తుపల్లాలు చూపే కాంటూరు గీతలు గీసింది. చిక్కుపడ్డ జడలా ఉన్నాయి! పదకొండు పాయింట్లు చుట్టూ ఉన్న నేలకంటే మూడు మీటర్లు కిందున్నాయి. ఎత్తు లెక్కకోసం మిషన్లో ప్రిజం కర్ర పొడవు మళ్ళీ తప్పు కొట్టారు కదూ? పోయినసారి బడి ఆటస్థలంలో బావి పుట్టించారు, ఆఫీసంతా నవ్వింది. ఈసారి మీ పరువు నేనే కాపాడాను. ఆ పదకొండూ తీసేశాను. గీతలు దువ్వినట్టు వచ్చాయి. పెద్దసారు మెచ్చుకుని, సరిగ్గా ఆ చదును మీదే పనివాళ్ళకు ఇరవై షెడ్లు వేయిస్తున్నారు. చివరి గది మీది. కిటికీ కొండవైపు పెట్టమన్నాను.

మీ
గీతలమ్మ

*

ప్రియమైన గీతలమ్మకు,

నీ ఉత్తరం ఇన్నాళ్ళూ స్టోర్‌కీపరు సొరుగులో పడుంది. ఈ పొద్దున అవతలి కొండ దిగొచ్చాక చదివాను. ఆ పదకొండూ తప్పు కాదు. పొదల కింద వాగు ఉంది. ముళ్ళు గీరుకుంటున్నా నేనే లోపలికి దిగి కర్ర పట్టుకున్నాను. నిన్నేమీ అనను, కోడ్ రాయని తప్పు నాది.

డ్రాయింగులో వాగు లేదు కాబట్టి మట్టి పోసి చదును చేసి షెడ్లు వేసేశారు, పనివాళ్ళు కాపురాలూ పెట్టేశారు. నీళ్ళు పోవడానికి ఒక్క గొట్టమైనా వేయలేదు. వంటామె నన్ను పిలిచి, "సారూ, గచ్చుకి చెవి ఆనించి వినండి, కింద ఏదో నడుస్తోంది" అంది. విన్నాను. పిల్లాజెల్లాతో సహా అందరినీ గట్టు మీదికి తోలాను. సైటు మేనేజరేమో, "సంతకమైన డ్రాయింగు ఉండగా నీ మాట ఎవరు నమ్ముతారు? కొలతలు చూపించు. లేదంటే పొద్దుగూకేలోగా అందరూ దిగాల్సిందే" అంటున్నాడు. అందుకే పూడ్చకుండా మిగిలిన ఎగువ వాగులోకి దిగి పదకొండు పాయింట్లు కొలిచాను, ప్రతిదానికీ కోడ్ రాశాను. పన్నెండోది, వాగు మట్టి కిందికి దూరే చోటిది, మిగిలింది. కొండ మీద నల్లగా ముసురుకుంది. డ్రైవరు తొందరపెడుతున్నాడు, కార్డు ఇచ్చేస్తున్నాను. ఆ ఒక్కటీ కాగితం మీద రాసి రేపు పంపుతా.

నీ
కొలతల దొర

*

ప్రియమైన మీకు,

కార్డు చేరింది. పదకొండు పాయింట్లనూ ఒకే గీతతో కలిపాను. కాంటూర్లన్నీ కొండవైపు మొన తిప్పుకుని వరసకట్టాయి, అది వాగే. ఆ కొండ నీళ్ళన్నీ షెడ్ల కిందికే రావాలి. చూసి పెద్దసారు కుర్చీలో కూలబడ్డారు.

డ్రైవరు నిన్న మళ్ళీ వచ్చాడు. వాగు పొంగి షెడ్లు ఒక్కటీ మిగల్లేదట. గట్టు మీద అందరూ క్షేమమట, వంటామె తలలు లెక్కపెట్టి మరీ చెప్పిందట. మీ గురించి అడిగితే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నాకు భయంగా ఉంది. పన్నెండో వరుస ఖాళీగానే ఉంచాను, ఆ కాగితం మీరే తెచ్చివ్వాలి.

బురదలో దొరికిందని మీ ప్రిజం కర్ర నా బల్లకు ఆనించి వెళ్ళాడు. తుడిచి, దాని పొడవు కొలిచాను. మొదట మీరు మిషన్లో కొట్టిన పొడవే, మిల్లీమీటరు కూడా తేడా లేదు.

మీ
గీతలమ్మ