చర్చి పేజీలో కాఫీ సంగతి

చెల్లి రూతమ్మకు, ప్రభువు నిన్ను చల్లగా చూడాలని కోరుతూ అక్క రాసేది.

నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మరిదిగారి దగ్గు తగ్గిందా? రాణి వేళకు తింటోందా? దాని చంటిదానికి పళ్లొచ్చాయా? నేను బాగానే ఉన్నాను, బెంగ పడకు. విశాఖలో ఉక్క తగ్గలేదు. చోడంబలి కాచుకున్నా మన కొండ రుచి రావడం లేదు. అయినా బాగానే ఉన్నాను.

రాణి ఫోన్ చేసిన దగ్గర్నుంచి మాత్రం అన్నం సహించడం లేదు. "పెద్దమ్మా, మా కాఫీ పొడి ఎవులూ అడగట్లేదు. ఫోన్లో మా పేజీ ఎక్కడో అడుగుకెళిపోనాది" అంది. అది నా వల్లే చెల్లీ. ఈ ఉత్తరం రాణి చేతే చదివించుకో.

నా మనవరాలు సునీత ఆఫీసు పని, ఫోన్లో వెతికేవాళ్లకు వ్యాపారుల సరుకు ముందు కనిపించేలా చేయడం. ఈమధ్య ఒక పట్నం వ్యాపారి కాఫీ పొడి పని దాని చేతికొచ్చింది. కొత్త పేజీ ఎవరికీ కనిపించదట. ఏళ్లుగా అందరూ నమ్మే వెబ్‌సైటులో పెడితే ఆ నమ్మకం మీద పైకొస్తుందట. మా చర్చికి అలాంటి పాత వెబ్‌సైటు ఉంది. "మామ్మా, పాస్టరుగోరిని నువ్వడుగు" అంది. మన ఊళ్లో ఎవరైనా మూట దింపుకుంటామంటే అరుగు ఇస్తాం కదా, ఇదీ అంతే అనుకుని అడిగాను. నా ముఖం చూసి ఆయన చోటిచ్చారు. ఎర్రటి కాఫీపళ్లే ఏరి కోయడం, ఎండలో తిరగేయడం, అమ్మ మనిద్దరికీ నేర్పిందంతా నేనే చెప్పాను. సునీత రాసి పెట్టింది.

రాణి ఫోన్ వచ్చిన సాయంత్రమే సునీత చేత కాఫీ పొడి అని వెతికించాను. మొదట మా చర్చి పేజీ. అందులో నా మాటలు, కింద ఆ పట్నం వ్యాపారి పొడి. రాణి పేజీ కోసం సునీత వేలితో పైకి తోస్తూనే ఉంది.

"సంతలో నా సెల్లెలు కూకునే సోట ఇంకోడిని కూకోబెట్టీసినావే గుంటా!"

"అందరూ సేత్తన్నదే మామ్మా, తప్పేటుంది?"

"అందరి సెల్లెళ్లూ నా సెల్లెలేటే?"

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారికి అంతా చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఆ పేజీ తీసేయించారు. ఆఫీసులో సునీతకు మాటలు పడ్డాయి. రాణి పేజీ వెంటనే పైకి రాదట, ఎన్నాళ్లకొస్తుందో తెలియదట. అదే నా గుండెలో గుచ్చుకుంటోంది.

పెద్దలకు వందనాలు, పిల్లలకు ముద్దులు. నా కోసం ప్రార్థన చేయండి. ఈ మాట ఫోన్లో చెబితే సరిపోదు. రాణి ఎదుట నిలబడి చెప్పుకోవాలి, అది తిడితే పడాలి. పై నెల మొదటి శుక్రవారం, పొద్దుటి రైలుకు వస్తున్నాను.

నీ అక్క
మార్త