గడ్డకట్టని పాకం

1967 నవంబరు 6
స్టోర్సు రాజలింగం కుర్చీ మీద సిల్వర్ నైట్రేట్ చల్లాను. సాయంత్రానికి అతని తెల్ల ప్యాంటు వెనక నల్ల మచ్చలు. ‘నీ చేతులిరుగ, వెంకటేశం!’ అని లాలాగూడ బస్సెక్కేదాకా తిట్టాడు. ఇరవై ఏళ్లుగా ఈ కెమిస్ట్రీ ల్యాబులో సీసాలు కడుగుతున్నాను. ఈ మాత్రం తమాషా లేకపోతే నేనూ ఒక సీసానే.

రీసెర్చి ఉమాపతి మీద మాత్రం ఇంతవరకు ఏమీ చేయలేదు. కాకినాడ మనిషి. నన్ను ‘గారూ’ అని పిలిచేది అతనొక్కడే.

నవంబరు 9
ఏం చేస్తున్నావని అతన్ని అడిగాను. ఏదో అడవి వేరులో నొప్పి తగ్గించే సరుకుందట. నలభై కిలోలు ఉడకబెడితే చిటికెడు. ల్యాబులో మొదటినుంచి ఒక్కో మెట్టుగా తయారు చేద్దామంటే ముప్పై మెట్లు. అందుకని అందులో అక్కరలేనివన్నీ కత్తిరించి, పనిచేసే ముక్క ఒక్కటే తయారు చేశాడు. ‘తాళం తీసేది తాళంచెవి పళ్లే కదండీ, పిడికి నగిషీ ఎందుకు?’ అన్నాడు. తొమ్మిదో తరగతి తప్పిన నా బుర్రకు కూడా ఎక్కింది.

పద్నాలుగు మెట్లు, ఏడాదిన్నర. చివరికి ఫ్లాస్కు అడుగున తేనెలాంటి పాకం. అది పలుకులుగా గడ్డకడితేనే శుద్ధి చేసి ఎలుకల పరీక్షకు పంపేది. కట్టడం లేదు. ఫెలోషిప్ డిసెంబరు ఆఖరుతో సరి.

నవంబరు 17
కట్టలేదు.

నవంబరు 21
గాజుకడ్డీతో ఫ్లాస్కు లోపల గీకుతూనే ఉన్నాడు. గీకితే పలుకు పుడుతుందట. ప్రొఫెసర్ అచ్యుతరామయ్య వచ్చి, గడ్డం పెంచవోయ్, అందులోంచి దుమ్ము రాలితే అదే కడుతుంది అన్నారు. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. ‘తిన్నవా సారూ?’ అని అడిగాను. తినలేదు.

నవంబరు 23, మధ్యాహ్నం 3
అతను టీకి వెళ్లినప్పుడు చిటికెడు పటికబెల్లం దంచి ఫ్లాస్కులో వేశాను. ఐదింటికి చెప్పేసి, తార్నాక చౌరస్తాలో ఇరానీ చాయ్ తాగిస్తాను. అతను నవ్వి ఎన్నాళ్లయిందో.

సాయంత్రం 6
చెప్పలేదు. తళుక్కుమనే పలుకులు చూసి అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ‘వచ్చాయండీ, వచ్చాయి!’ అని ఏడ్చాడు.

వడగట్టి, పైనుంచి చల్లని స్పిరిటు పోసి కడిగాడు. కాగితం మీద నిలిచిన పలుకులు పట్టుకుని ప్రొఫెసరు దగ్గరికి పరుగెత్తాడు. కిందికి దిగిన స్పిరిటు ఫ్లాస్కుకు చీటీ అంటించడం మరిచాడు. చీటీ లేనిదేదైనా ఐదు దాటితే సింకు పాలు. అది మా ల్యాబు కాయిదా. కడిగేశాను.

రేపు పొద్దున్నే చెప్తాను.

నవంబరు 24
చెప్పాను. ‘గవి మందు కాదు సారూ, పటికబెల్లం. తమాషాకు ఏసిన’ అన్నాను.

అతను నవ్వాడు. నిజంగానే నవ్వాడు. ‘గట్టివారేనండీ మీరు! పర్లేదు, అసలు సరుకు స్పిరిటులోకి దిగిపోయి ఉంటుంది. ఆ ఫ్లాస్కు ఏదీ?’ అన్నాడు.

షెల్ఫు మీద బోర్లించి ఉంది. తళతళలాడుతోంది. నేను కడిగితే అలాగే ఉంటుంది.

అసలుది పలుకులకే అంటుకుని ఉంటుందనుకున్నాను. నీళ్లలాంటి ఆ స్పిరిటులో పోతుందని నాకేం తెలుసు?

తిట్టలేదు. రాజలింగంలాగా చేతులిరుగ అన్నా బతికిపోయేవాణ్ణి.

నవంబరు 25
ప్రొఫెసరు దగ్గరికి వెళ్లి నేనే చేశానన్నాను. ఉమాపతి అప్పటికే చీటీ పెట్టని తప్పు తనదేనని చెప్పి వెళ్లాడట. ‘పోయి పని చూసుకో’ అన్నారు. నౌకరీ నిలిచింది. ఇంట్లో నా భార్య భారతమ్మ ముద్ద కలిపి ముందర పెట్టింది. కంచం పక్కకు జరిపాను.

డిసెంబరు 30
వెళ్లిపోయాడు. ఏలూరులో ఎరువుల కంపెనీ పనట. మళ్లీ మొదటినుంచి చేయాలంటే ఏడాదిన్నర కావాలి. ఆ పని ఇక్కడ ఎవరూ ఎత్తుకోలేదు. స్టేషనులో అతని ట్రంకుపెట్టె నేనే మోశాను. మీ మీద కోపం లేదండీ అన్నాడు, పెట్టె వైపు చూస్తూ.

1968 జనవరి 4
సింకు కింద పైపు విప్పాను. వంపులో నల్లటి జిగట. సీసాలో పట్టి, విద్యానగర్‌లో అతను అద్దెకున్న ఇంటికి తీసుకెళ్లాను. అతను లేడని తెలిసే వెళ్లాను. ఇంటావిడ చిట్టెమ్మ ఏంటయ్యా అది అంది. మందు అన్నాను. ఎవరికి అంది.

ఇంకా తయారు కాలేదమ్మా అన్నాను.