రైలు ఆగే కళ్ళం

పమిడివారిపాలెం,
ఫిబ్రవరి 1998.

మహారాజశ్రీ రైలు ఆఫీసు పెద్దలకు, కౌలురైతు వెంకటరావమ్మ నమస్కరించి రాసుకొను విన్నపము. ఇక్కడ మేమంతా క్షేమం. మీ ఆఫీసులో అందరూ క్షేమమని తలుస్తాను.

మిరపకాయలు ఆరబోసుకోవడానికి సిమెంటు కళ్ళం కట్టించమని మండలాఫీసు చుట్టూ తిరిగి తిరిగి మా చెప్పులరిగాయి. వాళ్ళు చెయ్యని పని మీరు చేశారు. మా హాల్టులో రైలు కట్ట పక్కనే ఎత్తుగా, నున్నగా ఎంత పొడుగు కళ్ళం కట్టించారండీ! మీ కడుపు చల్లగుండ. నాకు సొంత కళ్ళం లేదు. నిరుడు మట్టినేల మీద పోస్తే సగం కాయ బూజుపట్టి పోయింది. ఇప్పుడు కాయ నిగనిగలాడుతుంటే ప్రాణం లేచొచ్చింది.

ఒక్క మనవి. ఇక్కడ ఆగని రైళ్ళు దూసుకుపోతుంటే ఆ గాలికి కాయలు ఎగిరిపోతున్నాయి. కాస్త నెమ్మదిగా పొమ్మని డ్రైవర్లకు చెప్పగలరు.

ఇట్లు,
విధేయురాలు వెంకటరావమ్మ.

తా.క.: కళ్ళం వెడల్పు చాల్లేదు. ఈసారి కట్టేటప్పుడు మమ్మల్ని అడిగి కట్టండి.


రైల్వే ఆఫీసు, హాల్టుల విభాగం,
మార్చి 1998.

శ్రీమతి వెంకటరావమ్మగారికి,

మీ ఉత్తరం అందింది. మీరు కళ్ళం అంటున్నది ప్లాట్‌ఫారం. ప్రయాణికులు రైలెక్కడానికి కట్టించినది. దానిపై మిరపకాయలు ఆరబోయడం నిబంధనలకు విరుద్ధం. వెంటనే తీసివేయగలరు.

మరొక విషయం. మీ హాల్టులో రైలెక్కేవారు బొత్తిగా లేరని మాకు తెలిసింది. మా మనిషి వచ్చి చూస్తాడు. జనం లేరని తేలితే హాల్టు ఎత్తివేసి, ప్లాట్‌ఫారం పగలగొట్టించవలసి ఉంటుంది.

భవదీయుడు,
అంకమ్మరావు.

తా.క.: మీ కవరులోంచి మిరపగింజలు రాలాయి. ఆఫీసంతా తుమ్ముతోంది. దయచేసి చేతులు కడుక్కుని ఉత్తరాలు రాయండి.


పమిడివారిపాలెం,
మార్చి 1998.

ఆఫీసరు బాబుగారికి నమస్కారాలు.

పగలగొట్టిస్తామని అంత తేలిగ్గా ఎలా రాశారు బాబూ? మీ ఉత్తరం చదివాక రెండు పూటలు అన్నం సయించలేదు. మా ఊళ్ళో జనం లేరని ఏ పాపిష్టివాడు చెప్పాడు? మీ మనిషిని పంపండి. పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా మీ ప్లాట్‌ఫారం నిండా జనమే. కదలకుండా కూర్చునే ఉంటారు. ఇందులో ఒక్క ముక్క అబద్ధం ఉంటే నా కళ్ళు పోతాయి.

ఇట్లు,
వెంకటరావమ్మ.

తా.క.: కాయలు తీసెయ్యమన్నారు. తప్పకుండా తీసేస్తాం. ఎండగానే.


రైల్వే ఆఫీసు,
జూన్ 1998.

శ్రీమతి వెంకటరావమ్మగారికి,

మా మనిషి యలమందయ్య మీ హాల్టు చూసి వచ్చాడు. మీరు రాసింది నిజమే. ప్లాట్‌ఫారం నిండా ఆడవాళ్ళు పొద్దుటి నుంచి ఎండలో కూర్చునే ఉన్నారట. రైలు వచ్చింది, ఆగింది, పోయింది. ఒక్కరూ ఎక్కలేదట. రైలులో కాలు పెట్టే చోటు లేకపోతే తప్ప ఇంత ఓర్పుగా ఎవరూ కూర్చోరని మా పైఅధికారులు తేల్చారు. కనుక మీ ఊళ్ళో ఇంకో రైలు ఆపుతున్నాం. నీడకు షెడ్డు, తాగడానికి కుళాయి కూడా మంజూరయ్యాయి. ఇన్నాళ్ళూ మీరు పడిన అవస్థకు విచారిస్తున్నాం.

భవదీయుడు,
అంకమ్మరావు.

తా.క.: సంగతి చెబుతున్నంతసేపూ యలమందయ్య కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. ఆడవాళ్ళ కష్టం చూసి కరిగిపోయాడని మా పెద్దాఫీసరుగారు అతని వీపు తట్టారు.


పమిడివారిపాలెం,
ఫిబ్రవరి 2000.

అంకమ్మరావు బాబుకి ఆశీస్సులు.

షెడ్డు బ్రహ్మాండంగా ఉంది. మొన్న అకాల వాన కురిస్తే నా బస్తా ఒక్కటి తడిస్తే ఒట్టు. కుళాయి నీళ్ళు కూలీలకు దాహానికి పనికొస్తున్నాయి. రెండో రైలు కూడా చక్కగా వేళకొస్తోంది. దాన్ని చూసే మా వాళ్ళు అన్నాలకు లేస్తున్నారు.

రైలు మటుకు ఎవరూ ఎక్కడం లేదు. ఎలా ఎక్కుతారు? నా కోడలితో సహా వాళ్ళంతా ఎక్కిపోతే కాయల్లో తాలు ఏరేదెవరు?

ఇట్లు,
వెంకటరావమ్మ.

తా.క.: యలమందయ్యగారి కళ్ళెలా ఉన్నాయి? పాపం, సరిగ్గా ఘాటు లేచే చోట నిలబడి, ఎదురుగా ఉన్న కాయలు కూడా కనపడక అవస్థపడ్డాడు. జరగమని చెబితే వినలేదు.


రైల్వే ఆఫీసు,
మార్చి 2000.

అమ్మా వెంకటరావమ్మగారూ,

కొంప ముంచారు! వాళ్ళు తాలుకాయలు ఏరే కూలీలా? ఇక్కడ మీ హాల్టును స్టేషను చేస్తూ రెండో ప్లాట్‌ఫారం, పొద్దున్నే గుంటూరు వెళ్ళేందుకు మూడో రైలు మంజూరు చేసేశారు. ఆ కాగితాల నిండా నా సంతకాలే. ఒక్కరూ ఎక్కడం లేదని తెలిస్తే నా ఉద్యోగం, మీ కళ్ళం ఒకేరోజు ఊడతాయి. మీకు దణ్ణం పెడతాను. ఆ కూలీల్నే వంతులవారీగా ఎక్కించండి. గుంటూరు చూసి సాయంత్రానికి వచ్చేస్తారు. ముందు మీ కోడల్ని ఎక్కించండి.

మీ బిడ్డలాంటివాడు,
అంకమ్మరావు.

తా.క.: ఈ ఉత్తరం చదివి చించెయ్యండి. పొయ్యిలో వేస్తే మరీ మంచిది.


పమిడివారిపాలెం,
ఫిబ్రవరి 2004.

తమ్ముడు అంకమ్మరావుకి అక్క రాయునది.

నీ మాట విని ఎక్కించాను. అదే నేను చేసిన తప్పు. సరదాకి వెళ్ళినవాళ్ళు గుంటూరంతా చూసి ఊరుకోలేదు, పనులు చూసుకున్నారు. ఒకతె కుట్టు మిషను దగ్గర చేరింది, ఇంకొకతె బట్టలకొట్లో చేరింది. నా కోడలు మల్లేశ్వరి కంటి డాక్టరు దగ్గర రోగుల పేర్లు పిలుస్తోంది. వాళ్ళను చూసి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా స్కూటర్ల మీద వచ్చి మా స్టేషన్లో రైలెక్కుతున్నారు. నేను కాయలు పోస్తే తొక్కుకుంటూ పోతున్నారు. పైగా, "ఏందమ్మా, దోవలో ఈ మిరపకాయలేంది!" అని నామీదే అరుస్తున్నారు. నా కళ్ళం మీద నేనే పరాయిదాన్నయ్యాను.

తాలు ఏరేవాళ్ళు లేరు, ఆరబోసుకునే చోటు లేదు. పొద్దుటి రైలు వెనక్కి తీసుకో. నా కళ్ళం నాకు ఇప్పించు.

ఇట్లు,
వెంకటరావమ్మ.

తా.క.: రెండు ప్లాట్‌ఫారాలకీ మధ్య కట్టిన పైవంతెన బాగుంది. ఎండ బాగా తగులుతోంది. వడియాలు పెట్టాను.


రైల్వే ఆఫీసు,
మార్చి 2004.

అక్కయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం పైకి పంపితే పొద్దుటి రైలు నిజంగానే తీసేస్తారు. మాకియ్యండి, మాకియ్యండి అని పక్క ఊరివాళ్ళు కాచుక్కూర్చున్నారు. ఒకసారి పోయిన రైలు మళ్ళీ రాదు. పంపమంటారా, వద్దా? ఒక్క ముక్క రాయండి చాలు.

మీ తమ్ముడు,
అంకమ్మరావు.

తా.క.: ఈసారి మీ కవరులో గింజలు లేవు. ఆఫీసులో ఎవరూ తుమ్మలేదు. నాకెందుకో బెంగగా ఉంది.


పమిడివారిపాలెం,
మార్చి 2004.

తమ్ముడు అంకమ్మరావుకి అక్క ఆశీస్సులు.

పంపొద్దు. చించెయ్.

నీ ఉత్తరం పట్టుకుని సాయంత్రం స్టేషనుకి వెళ్ళాను. రైలు ఆగీ ఆగకముందే మా ఊరి ఆడవాళ్ళు బిలబిలమంటూ దిగారు. వాళ్ళ నవ్వులకి రైలు కూత కూడా వినపడలేదు. నన్ను చూసి మల్లేశ్వరి హడలిపోయింది.

"ఏంటత్తా ఇక్కడున్నావ్? ఇంటికాడ అందరూ బాగానే ఉన్నారా?" అంటూ గబగబా వచ్చి నా చేతులు పట్టుకుంది.

ఆ చేతులు చూశాను. తాలు ఏరే రోజుల్లో మంటకి తట్టుకోలేక అరచేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. నేను చూసి కూడా, అందరి చేతులూ మండేవేగా అనుకునేదాన్ని. ఇప్పుడు అవే చేతులకి గోరింటాకు పెట్టుకుంది. ఎర్రగా పండింది. నాకు ఏడుపు ఆగలేదు. పక్కన ఒక్క మిరపకాయ లేదు తమ్ముడూ, అయినా ఆగలేదు.

ఆ రైలు ఎవరికీ ఇవ్వనియ్యకు. ఈసారికి కాయలు తారురోడ్డు మీద పోసుకున్నాను. బస్సులవాళ్ళు కేకలేస్తున్నారు. వాళ్ళ ఆఫీసుకి కూడా ఒక ఉత్తరం రాయాలి. వచ్చే యేడు మిరప మానేసి పత్తి వేస్తాను. పత్తికి కళ్ళంతో పనిలేదు.

ఇట్లు,
నీ అక్క వెంకటరావమ్మ.

తా.క.: పత్తికి కళ్ళం అక్కర్లేదు గానీ, తడవకుండా నిలవ చేసుకోవడానికి ఓ గది కావాలి. మా స్టేషన్లో వెయిటింగు హాలు కడుతున్నారటగా. తాళంచెవి ఒకటి నాకు పంపించు.